మందగమనం నుంచి మాంద్యం దాకా: ఇంగ్లీషు పదబంధాల చరిత్ర

ఆర్థిక వ్యవస్థ నెమ్మదించినప్పుడు ఇంగ్లీషు పత్రికల్లో కొన్ని మాటలు జంటలుగానే కనిపిస్తాయి. ‘ఎకనామిక్ స్లోడౌన్’, ‘స్లగ్గిష్ గ్రోత్’, ‘వీక్ డిమాండ్’, ‘క్రెడిట్ క్రంచ్’, ‘హైరింగ్ ఫ్రీజ్’ అలాంటివే. హైదరాబాద్ తూర్పు వైపు దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేటల కోచింగ్ సెంటర్లలో, హాస్టళ్లలో ఉంటూ బ్యాంకు పరీక్షలకు, గ్రూప్స్‌కు, సాఫ్ట్‌వేర్ కొలువులకు తయారయ్యే యువతకు ఇవి బతుకుతెరువుతో ముడిపడ్డ మాటలు.

వీటిలో కొన్నింటికి పెద్ద చరిత్రే ఉంది. 19వ శతాబ్దంలో అమెరికాలో బ్యాంకులు కూలి వ్యాపారాలు మూతపడితే ‘పానిక్’ అనేవారు. 1929 తర్వాతి మహా పతనానికి ‘గ్రేట్ డిప్రెషన్’ అన్న పేరు స్థిరపడింది. 1937లో ఉత్పత్తి మళ్లీ పడిపోయినప్పుడు ‘రిసెషన్’ ప్రచారంలోకి వచ్చింది. ధరలు పెరుగుతూ వృద్ధి ఆగిపోయే స్థితిని 1965లో బ్రిటిష్ నాయకుడు ఇయాన్ మెక్లౌడ్ ‘స్టాగ్‌ఫ్లేషన్’ అన్నాడు. వరుసగా రెండు త్రైమాసికాలు ఉత్పత్తి తగ్గితే రిసెషన్ అన్న లెక్కకు మూలం, 1974లో అమెరికా గణాంక నిపుణుడు జూలియస్ షిస్కిన్ న్యూయార్క్ టైమ్స్‌లో రాసిన వ్యాసం. ఆయన చెప్పిన కొలమానాల్లో అది ఒకటి మాత్రమే. లోకం మాత్రం దాన్నే పట్టుకుంది.

తెలుగు ఇళ్లల్లోకి ‘రిసెషన్’ వచ్చింది 2008లో. ఆ ఏడాది సెప్టెంబరు 5న దువ్వూరి సుబ్బారావు రిజర్వు బ్యాంకు గవర్నరయ్యారు. పది రోజులకే అమెరికాలో లేమన్ బ్రదర్స్ బ్యాంకు కుప్పకూలింది. ఆ కుదుపును తట్టుకోవడానికి రిజర్వు బ్యాంకు అక్టోబరు నుంచి మరుసటి ఏప్రిల్ నాటికి, బ్యాంకులకిచ్చే అప్పుపై వడ్డీ అయిన రెపో రేటును 9 శాతం నుంచి 4.75 శాతానికి, బ్యాంకులు తన దగ్గర ఉంచాల్సిన నగదు నిల్వల నిష్పత్తిని 9 నుంచి 5 శాతానికి దించింది. ఇంతలో 2009 జనవరి 7న ఐటీ సంస్థ సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడి హైదరాబాద్‌కు రెండో దెబ్బ తగిలింది. ఆఫర్ లెటర్ చేతిలో ఉన్నా జాయినింగ్ డేట్ రాని ఫ్రెషర్లు, ప్రాజెక్టు లేక ‘బెంచ్’ మీద ఉన్న ఇంజనీర్లు, లే ఆఫ్ భయంతో ఈఎంఐలు కట్టిన కుటుంబాలు ఈ పదకోశాన్ని అనుభవంలో నేర్చుకున్నాయి. అదే ఏడాది మార్చిలో అమెరికా ఫెడరల్ రిజర్వ్ అధిపతి బెన్ బెర్నాంకీ ‘గ్రీన్ షూట్స్’ అన్నారు. కోలుకుంటున్న తొలి గుర్తులని అర్థం.

ఈ మాటల మధ్య తేడా చిన్నది కాదు. ‘స్లోడౌన్’లో, అంటే మందగమనంలో, వృద్ధి కొనసాగుతుంది, వేగమే తగ్గుతుంది. ‘రిసెషన్’లో, అంటే మాంద్యంలో, ఉత్పత్తే కుంచించుకుపోతుంది. అది లోతుగా, ఏళ్ల తరబడి సాగితే ‘డిప్రెషన్’. ధరలను అదుపు చేసే క్రమంలో మాంద్యం రాకుండా వృద్ధి నెమ్మదిస్తే ‘సాఫ్ట్ లాండింగ్’, వస్తే ‘హార్డ్ లాండింగ్’. కోలుకున్నట్టే కోలుకుని మళ్లీ పడితే ‘డబుల్ డిప్’. తెలుగు వార్తల్లో వీటిలో చాలావాటికి మాంద్యం అన్న ఒక్క మాటే వాడుతుంటారు. చదివేవారికి అది అన్యాయమే. ఉద్యోగం దొరకడం ఆలస్యమవుతుందా, ఉన్న ఉద్యోగమే పోతుందా అన్న తేడా అందులో దాగి ఉంది.

2019 నవంబరులో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ రాజ్యసభలో, వృద్ధి తగ్గిందేమో గానీ ఇది రిసెషన్ కాదన్నారు. అప్పటి త్రైమాసిక వృద్ధి తొలి అంచనాలో 4.5 శాతం. మరుసటి ఏడాది లాక్‌డౌన్‌లో, తొలి అంచనాల ప్రకారం, ఏప్రిల్–జూన్‌లో ఉత్పత్తి 23.9 శాతం, ఆ తర్వాతి త్రైమాసికంలో 7.5 శాతం పడిపోయింది. వరుసగా రెండు త్రైమాసికాల లెక్కన పత్రికలు దాన్ని ‘టెక్నికల్ రిసెషన్’ అన్నాయి. 2019 నాటిది మందగమనం, 2020 నాటిది మాంద్యం.