గురుకటాక్షమును విద్యాధికారమును

మదనపల్లెకు పొరుగుననే యున్న బెంగుళూరు విజ్ఞానమునకు బేరుగన్న పట్టణము. 1933వ సంవత్సరమున బొంబాయి విశ్వవిద్యాలయ పట్టభద్రురాలైన కమలా భగవత్ అను యువతి అచటి టాటా విజ్ఞానసంస్థలో ప్రవేశము గోరెను. సంస్థాధ్యక్షుడు 1930లో నోబెల్ బహుమతి నందిన చంద్రశేఖర వేంకటరామన్. స్త్రీ యను కారణముచేతనే ఆయన యా విన్నపమును ద్రోసివైచెను. ఆమె పట్టువిడువకుండగా, ఒక సంవత్సరము పరీక్షార్థముగ జేర్చుకొనుట కంగీకరించెను. తనకు దృప్తి కలుగువఱకు నామె కృషికి గుర్తింపు లేదు. ఆమె యునికి పురుషుల చిత్తమును జెదరగొట్టరాదు. తోడివిద్యార్థులకు లేని షరతు లివి! ఆచార్య శ్రీనివాసయ్యగారి శిక్షణమున నామె కృతార్థురాలై, 1939లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమును గడించెను. రామన్ పండితుడును బిదప స్త్రీలకు దన పరిశోధనశాలలో దావొసగెను.

ఇక మన తెలుగింటి యాడపడుచు అయ్యలసోమయాజుల లలిత చరిత్రము. పదునెనిమిదవ యేటనే వైధవ్యము, ఒడిలో బసిబిడ్డ. తండ్రి పప్పు సుబ్బారావుగారు చెన్నపురి గిండీ యింజనీరింగు కళాశాలలో నాచార్యులు. ఆయన ప్రార్థింపగా నధ్యక్షుడు చాకోగా రంగీకరించిరి. 1943లో నామె విద్యుచ్ఛాస్త్రమున బట్టభద్రురాలయ్యెను. పి.కె. త్రేసియా, లీలమ్మ జార్జి యనువారును అచటనే యుత్తీర్ణులైరి. పట్టపత్రమున ముందే యచ్చుపడియున్న పురుషసర్వనామమును గొట్టివేసి స్త్రీసర్వనామమును వ్రాయవలసివచ్చెనట!

ఒకచో నిరాకరణము, ఒకచో ననుగ్రహము. ఫలములు వేఱైనను మూల మొక్కటియే: ద్వారము తెఱచుటయు మూయుటయు నొక్కని చిత్తవృత్తి ననుసరించి యుండెను. తండ్రి యాచార్యుడు కాని బాలిక యెవరి నాశ్రయింపవలెను? అనుగ్రహముగా వచ్చినది యాగ్రహముచే బోవచ్చును. హక్కుగా వచ్చినది నిలుచును.

2013 నాటి చట్టము స్త్రీలపై లైంగిక వేధింపులను విచారించుటకు విద్యాలయములందును సంఘము లుండవలెనని శాసించినది. అది మేలే. కాని సంతకము నాపి, యోగ్యతాపత్రము నీయక, పరిశోధనము నడ్డగించు గురువు మౌనమున కది మందు కాదు. కావున బిడ్డను బరిశోధనమునకు బంపు తలిదండ్రులు "గురువు మంచివాడా?" యని యడుగుటతో దనియక, "ఆయన యన్యాయము చేసినచో విచారించువా రెవరు?" అనియు నడుగవలెను.

మన వ్యాకరణము పురుషవాచకములను మహత్తు లనును. స్త్రీవాచకములను నేకవచనమున నమహత్తులతోను, బహువచనమున మహత్తులతోను జేర్చును. ఒంటరియైన స్త్రీకి లేని గౌరవము పలువురైనచో గలుగునన్నమాట. విజ్ఞానశాలలందును ఒక్కరిని జేర్చి మెచ్చుకొనుటతో దృప్తినొందరాదు. పలువురు చేరవలెను, వారికి నియమము రక్షగా నుండవలెను.