తలుపు ఇవతల స్పాక్

స్టార్ ట్రెక్ టీవీ సీరియల్‌లోని ఎంటర్‌ప్రైజ్ అంతరిక్షనౌక. అందులో వైద్యశాల. స్పాక్‌కు రెండడుగుల దూరంలో మీరున్నారు. నర్సు క్రిస్టీన్ చాపెల్ అతని చెయ్యి పట్టుకుని వదలడం లేదు. ఆమె చేతి చెమటలోనే జబ్బుంది. సై 2000 అనే కూలిపోతున్న గ్రహం నుంచి ఒక నావికుడు మోసుకొచ్చిన జబ్బు అది. ఒంట్లోకి చేరిందంటే మందు తలకెక్కినట్టే, మనసుకు కట్టుకున్న కట్లన్నీ తెగిపోతాయి. కత్తి ఝళిపిస్తూ నడవాల్లో పరుగెత్తిన నావికుడు సులూను చూశారు కదా. ఇంజిన్ గదిలో తలుపేసుకుని ఓడంతా వినబడేలా పాడిన మరో నావికుడు రైలీని కూడా విన్నారు.

చాపెల్ తన ప్రేమ చెబుతోంది. స్పాక్ సగం మనిషి, సగం వల్కన్ అనే వేరే గ్రహపు జాతివాడు. నీలోని మనిషీ కావాలి, వల్కనూ కావాలి అంటోంది. స్పాక్ క్షమించమని అడిగి, చెయ్యి విడిపించుకుని బయటపడతాడు.

అతని వెంటే నడవండి. అడుగు తడబడుతోంది. సమావేశాల గదిలోకి దూరి, తలుపు మూసుకున్నాక ఇక నిలువరించుకోలేకపోతాడు. తాను అధికారినని, మనసు తన అదుపులోనే ఉందని తనకు తానే చెప్పుకుంటాడు. చెబుతుండగానే గొంతు వణుకుతుంది. బల్ల దగ్గర కూలబడి లెక్కలు అందుకుంటాడు. రెండు, నాలుగు, ఆరు. ఆరు దగ్గర ఆగిపోతాడు. మళ్లీ ఆరే అంటాడు. లెక్క ముందుకు సాగదు. ఏడుపు వచ్చేస్తుంది.

స్పాక్‌కు ఉద్వేగాలే లేవనుకునేవాళ్లు ఈ గదిలో ఒక్క నిమిషం కూర్చోవాలి. వల్కన్‌ల పూర్వీకులు కోపతాపాలతో ఒకరినొకరు చంపుకున్నవాళ్లు. వాళ్ల తర్కం, నిగ్రహం ఆ గతానికి వేసుకున్న ఆనకట్ట. తండ్రి సారెక్ నుంచి స్పాక్‌కు ఆ ఉధృతే వచ్చింది. తల్లి అమాండా భూమి మీద పుట్టిన మనిషి. అంటే పూర్తి వల్కన్ ఒక బరువు మోస్తే ఇతను రెండు మోస్తున్నాడు. పైగా రెండోది ఉందని ఒప్పుకోవడానికి కూడా వీల్లేదు.

కెప్టెన్ కిర్క్ లోపలికొస్తాడు. ఓడ గ్రహం వైపు జారిపోతోంది, ఇంజిన్లు వెంటనే రగలాలి. అతను ఇంజిన్ల సంగతి అడుగుతుంటే స్పాక్ అమ్మ గురించి చెబుతాడు. ప్రేమిస్తున్నానని ఆమెతో ఎన్నడూ అనలేకపోయానంటాడు. కిర్క్ చెంప మీద కొడతాడు, మళ్లీ కొడతాడు. చివరికి స్పాక్ విసిరిన ఒక్క దెబ్బకు కిర్క్ బల్ల మీదుగా అవతలికి పడతాడు.

ఇప్పుడు ఆ గది గోడ దాటి రండి. ఇది హాలీవుడ్‌లోని డెసిలూ స్టూడియో, 1966. జాన్ డి. ఎఫ్. బ్లాక్ రాసిన స్క్రిప్టులో మొదట ఉన్నది వేరు. అందరి ముందూ ఏడుస్తున్న స్పాక్ ముఖానికి ఒకడు మీసాలు గీస్తాడు. స్పాక్ వేషం కట్టిన లియోనార్డ్ నిమోయ్ దానికి ఒప్పుకోలేదు. ఇలాంటివాడు నలుగురిలో ఏడవడు, చోటు వెతుక్కుని ఏడుస్తాడు అని పట్టుబట్టాడు. దర్శకుడు మార్క్ డేనియల్స్ కెమెరాను బల్ల చుట్టూ తిప్పాడు. ఒక్క టేకులో అయిపోయింది. మీసాలే ఉండుంటే మనం నవ్వి మర్చిపోయేవాళ్లం. యుక్రెయిన్ నుంచి వలసొచ్చిన యూదుల ఇంట, బోస్టన్‌లో పెరిగిన నిమోయ్‌కి బయటివాడి బతుకు ఒకరు చెప్పనక్కర్లేదు.

1967 నవంబర్ 17. అమెరికా టీవీల్లో అదే ఓడ, మరో కథ. వేర్వేరు జాతులవాళ్లు పెళ్లాడకూడదన్న చట్టాలను ఆ దేశ సుప్రీంకోర్టు కొట్టేసి అయిదు నెలలే అయింది. డి. సి. ఫాంటానా రాసిన ఈ కథలో, మనిషిని పెళ్లాడిన సారెక్ చావుబతుకుల్లో ఉన్నాడు. ఎక్కించాల్సిన రక్తం కొడుకు దగ్గరే ఉంది. తండ్రీకొడుకులు మనసు విప్పి మాట్లాడుకుని 18 ఏళ్లయింది. కిర్క్ గాయపడ్డాడు కాబట్టి ఓడ బాధ్యత తనదని, వదిలి రానని స్పాక్ అంటాడు. అమాండా అతని గదికొచ్చి, అయిదేళ్లప్పటి సంగతి గుర్తుచేస్తుంది. నువ్వు నిజమైన వల్కన్‌వి కాదని తోటి పిల్లలు ఏడిపిస్తే, పెదవి బిగించుకుని ఇంటికొచ్చాడట. లోపల ఏడుస్తున్నాడని ఆమెకు తెలుసు, తనూ ఏడ్చింది. ఇప్పుడు ఎంత చెప్పినా కొడుకు కదలకపోయేసరికి చెంప ఛెళ్లుమనిపించి వెళ్లిపోతుంది. తలుపు మూసుకుంటుంది. దగ్గరికి జరిగి చూడండి: స్పాక్ లేచి వచ్చి, ఆమె వెళ్లిన ఆ తలుపు మీద అరచెయ్యి ఆనిస్తాడు. ఒక్క మాటా లేదు. కొట్టిన చెయ్యి మీద ప్రేమ చూపించడానికి అతనికి మిగిలిన దారి అదొక్కటే.

1968లో ఫేవ్ అనే కుర్రకారు పత్రికలో ఒక ఉత్తరం అచ్చయింది. రాసింది నల్లజాతి తల్లికీ తెల్లజాతి తండ్రికీ పుట్టిన అమ్మాయి. ఇటువాళ్లూ రానివ్వరు, అటువాళ్లూ రానివ్వరు, నాకిక స్నేహితులే ఉండరేమోనని రాసుకుంది. ఉత్తరం స్పాక్ పేరిట ఉంది, నిమోయ్ పేరిట కాదు. నిమోయ్ దాన్ని పక్కన పెట్టకుండా, స్పాక్ చిన్ననాటి కథతోనే వివరంగా జవాబిచ్చాడు. రెండు వైపులా కాదనిపించుకున్న ఆ పిల్లవాడు, నలుగురికీ నచ్చాలని పరుగెత్తడం మానేసి తన విలువ తాను తెలుసుకోవడం ఎలా నేర్చాడో ఆ అమ్మాయికి చెప్పాడు.