అచ్చుకెక్కిన పాట

తెలుగునాటినుండి వచ్చు కొన్ని రైళ్ళు హౌరాలోని షాలిమారులో ఆగును. హుగ్లీ ఆవలియొడ్డున, ఉత్తర కలకత్తాలో, 19వ శతాబ్దమున ‘బటతల’ అచ్చుకూటములు వెలసినవి. మంగళకావ్యములు, ప్రణయకథలు, పంచాంగములు చెక్కబొమ్మల అచ్చులతో చౌకగా అమ్ముడుపోయినవి. విద్యావంతు లీసడించిన ఆ పుస్తకములను సయితము జేమ్సు లాంగు 1855 నాటి తన పట్టికలో చేర్చెను, అది దూరదృష్టి.

మన బొబ్బిలికథ నడచిన త్రోవయు నిట్టిదే. 1757 నాటి యుద్ధమును కథకులు ఊరూర పాడిరి. ఆ పాట చౌకప్రతిగా వెలువడగనే జానపదము కాదని పరిశోధకుడు, కావ్యము కాదని విమర్శకుడు తరచుగా దానిని విడిచిరి. కాని అచ్చుప్రతిని చదివించుకొని మరల పాడిన కథకులును గలరు. వారి నోట పాఠము మరల మారినది. బాలనాగమ్మ కథ 1942లో వెండితెరకును ఎక్కినది. ఆ చౌకప్రతులు నేడు అటకలపై పొడియగుచున్నవి; పాఠభేదములును వానితోడనే పోవుచున్నవి.