నేపర్‌విల్ మహాసభ, విశ్వాసిలో మిగిలిన పాపం

షికాగోకు పశ్చిమాన ఉన్న నేపర్‌విల్ నేడు తెలుగువారికి బాగా పరిచయమైన ఊరు. 1859లో అది ఒక చిన్న పట్టణం. ఆ ఏడాది ఇవాంజెలికల్ అసోసియేషన్ అనే క్రైస్తవ శాఖ తన మహాసభను అక్కడ జరుపుకొన్నది. రక్షణ పొందిన మనిషిలో పాపం ఇంకా మిగిలి ఉంటుందా అన్న ప్రశ్న అప్పటికే ఆ శాఖను కలవరపెడుతున్నది.

ప్రశ్న పాతదే. 1515-16లో రోమా పత్రికపై చెప్పిన పాఠాలలో మార్టిన్ లూథర్ విశ్వాసిని చికిత్సలో ఉన్న రోగితో పోల్చాడు. తప్పక నయమవుతుందని వైద్యుడు మాట ఇచ్చాడు. రోగి ఆ మాట నమ్మి పథ్యం పాటిస్తున్నాడు. రోగం ఒంట్లోనే ఉన్నది, అయినా వైద్యుని లెక్కలో అతడు కోలుకున్నవాడే. అలాగే విశ్వాసి ఏకకాలంలో నీతిమంతుడు, పాపి కూడా.

18వ శతాబ్దంలో జాన్ వెస్లీ మరో దారి పట్టాడు. దైవకృప ఈ జన్మలోనే మనిషి హృదయాన్ని ప్రేమతో పూర్తిగా నింపగలదని, అదే క్రైస్తవ పరిపూర్ణత అని ఆయన బోధించాడు. అయితే ఆయన దృష్టిలో అసలైన పాపమంటే తెలిసిన దైవాజ్ఞను బుద్ధిపూర్వకంగా మీరడం. అజ్ఞానం వల్ల జరిగే పొరపాట్లు పరిపూర్ణులకూ తప్పవు. లూథర్‌కు మాత్రం మనసులో కదిలే దురాశ కూడా పాపమే. ఇద్దరి మధ్య వివాదంలో సగం పాపమన్న మాటకు చెప్పుకొన్న అర్థంలోనే ఉన్నది.

ఈ బోధలోని ప్రమాదం వెస్లీకి త్వరలోనే ఎదురైంది. తాను పరిపూర్ణుడనని చెప్పుకొన్న జార్జ్ బెల్ అనే లండన్ అనుచరుడు 1763 ఫిబ్రవరి 28న లోకం అంతమవుతుందని ప్రకటించాడు. వెస్లీ ఆ జోస్యాన్ని బహిరంగంగా ఖండించాడు. అదే ఏడాది విశ్వాసులలోని పాపాన్ని గురించి ఒక ప్రసంగం రాశాడు. కొత్తగా రక్షణ పొందినవానిలో పాపం ఉంటుందనీ, కాని అది అతనిపై పెత్తనం చేయజాలదనీ అందులోని సారాంశం. పరిపూర్ణత సాధ్యమన్న నమ్మకాన్ని మాత్రం ఆయన వదులుకోలేదు.

పెన్సిల్వేనియా జర్మనుల మధ్య జేకబ్ ఆల్‌బ్రైట్ ప్రారంభించిన ఇవాంజెలికల్ అసోసియేషన్ వెస్లీ బోధనే స్వీకరించింది. 1857లో ఆ శాఖ బోధకుడు సాలమన్ నైట్జ్ జర్మన్ భాషలో ఒక చిన్న పుస్తకం ప్రచురించి, పాపపు వేరు ఈ జన్మలో పూర్తిగా తెగిపోదని వాదించాడు. విలియం ఆర్విగ్ దానిని గట్టిగా ఎదిరించాడు. నేపర్‌విల్ మహాసభ ఆర్విగ్‌ను బిషప్‌గా ఎన్నుకొన్నది, కాని వాదం అక్కడితో చల్లారలేదు. 1891 నాటికి ఆ శాఖ రెండుగా చీలింది. ముఖ్య కారణం బిషప్పుల అధికారమే అయినా, పాత పగలూ అందులో కలిశాయి. సంపూర్ణ పరిశుద్ధత సాధ్యమని బోధించిన సంఘస్థులే ఆలయ భవనాల కోసం న్యాయస్థానాలకెక్కారు. తిరిగి కలవడానికి 1922 దాకా పట్టింది. అప్పుడైనా అందరూ కలవలేదు.

తెలుగు నేలకు ఈ రెండు సంప్రదాయాలూ వచ్చాయి. 1842లో హయ్యర్ గుంటూరులో లూథరన్ మిషన్ స్థాపించాడు. మెదక్‌లో వెస్లీ అనుయాయులు పనిచేశారు. రక్షణ, పరిశుద్ధత అన్న మాటలు ఇరువురివీ ఒకటే. బాప్తిస్మం తరువాత మళ్లీ తప్పటడుగు వేసినవాణ్ణి ఎలా చూడాలన్న చిక్కు కూడా ఇరువురిదీ.

పాపం మిగలదంటే పడినవాడు నిరాశపడతాడు, పడనివాడు గర్విస్తాడు. ఎలాగూ మిగులుతుందంటే నిర్లక్ష్యానికి సాకు దొరుకుతుంది. లూథర్ చెప్పిన రోగికి ఈ రెండు ప్రమాదాలూ ఉన్నాయి. నయమైపోయిందనుకొన్నవాడూ, నయం కాదనుకొన్నవాడూ మందు మానేస్తారు.