రేనాటి వీరగాథ: పేరు మిగలని గాయకుడు

ఒక గాయకుని చరిత్ర రాయడానికి జన్మస్థలం, గురుపరంపర, ప్రదర్శనలు, సత్కారాలు ఆధారాలవుతాయి. బుర్రకథా పితామహుడు షేక్ నాజర్ (1920-1997) విషయంలో ఇవన్నీ లభిస్తాయి. 1986లో ఆయన పద్మశ్రీ కూడా అందుకున్నారు. కర్నూలు, కడప సీమల్లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథను తరతరాలుగా పాడినవారి విషయం వేరు. పాట మిగిలింది, దాన్ని తొలిగా కట్టినవాని పేరు మిగలలేదు. పాట నడిచిన దారిని బట్టి ఆ గాయకుని పాత్రను నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1800లో నిజాము దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. కలెక్టరు థామస్ మన్రో పాళెగాండ్ర అధికారాన్ని తొలగించి, పలువురికి భరణాలు ఏర్పరచాడు. నొస్సం పాళెగాని దౌహిత్రుడైన నరసింహారెడ్డికి దక్కిన భరణం నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. నొస్సం భరణం రద్దు కావడం, కట్టుబడి మాన్యాలను ప్రభుత్వం స్వాధీనపరచుకోవడం తిరుగుబాటుకు దారితీశాయి. 1846 జులైలో కోయిలకుంట్ల ఖజానాపై దాడి జరిగింది. అక్టోబరులో నరసింహారెడ్డి పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో అతన్ని ఉరితీసి, తలను 1877 వరకు కోట బురుజుకు వేలాడదీశారు.

ప్రభుత్వ పత్రాల్లో ఇది భరణాలకు, మాన్యాలకు సంబంధించిన వివాదం. గాథలో లెక్కలు వెనుకబడి, తహశీల్దారు చేసిన అవమానం, దానికి ప్రతీకారం ముందుకొస్తాయి. దీన్ని కేవలం అతిశయోక్తిగా తోసిపుచ్చరాదు. మాన్యం పోయిన కట్టుబడి బంట్రోతుకు తన నష్టం కూడా అవమానంగానే తోచి ఉండాలి. నాయకుని పగను శ్రోతల పగగా మార్చినవాడు గాయకుడే. ముప్పై ఏళ్లు బురుజుపై వేలాడిన తల ప్రభుత్వానికి హెచ్చరిక; పాడేవానికి అదే కథావస్తువు.

మరొక విశేషం గమనార్హం. తిరుగుబాటు నాటికి కోయిలకుంట్ల కడప జిల్లాలోనిది. 1858లో కర్నూలు జిల్లాలో చేరింది. పత్రాలు రెండు జిల్లాల మధ్య చీలినా, పాటకు ఆ సరిహద్దు లేదు. దానికి తెలిసిన సీమ రేనాడు ఒక్కటే.

ఈ గాథలను సేకరించి పరిశోధించిన తంగిరాల వెంకట సుబ్బారావు కృషి వల్ల వీటికి సాహిత్యచరిత్రలో స్థానం దక్కింది. 2019లో వచ్చిన ‘సైరా నరసింహారెడ్డి’ చలనచిత్రం వీరుని పేరును దేశమంతటా వినిపించింది. అయితే వీరుడు ప్రసిద్ధుడైనంత మాత్రాన గాయకుడు ప్రసిద్ధుడు కాలేదు. వంతపాటలో గొంతు కలిపినవారు, సభను బట్టి చరణాన్ని పెంచినవారు, తగ్గించినవారు కూడా ఈ గాథకు కర్తలే. ముద్రితపాఠం ఒక్కనాటి గానాన్ని మాత్రమే నిలుపుతుంది.

కనుక ఇకమీదట జానపదగేయ సేకరణలో పాఠంతోపాటు పాడినవారి పేరు, ఊరు, ఎవరి వద్ద నేర్చినదీ, వాద్యమేదీ తప్పక నమోదు కావాలి. తొలి గాయకుని పేరును మనం తిరిగి పొందలేకపోవచ్చు. నేడు పాడుతున్నవారి పేర్లు కూడా పోతే ఆ లోపం కాలానిది కాదు, పరిశోధకులది.