ఎయిర్ రైఫిల్
మందుగుండుతో కాక, నొక్కిపట్టిన గాలి బలంతో పెల్లెట్‌ను వదిలే తుపాకీ. గోదావరి జిల్లాల తీర్థాల్లో బెలూన్లు కొట్టించేది ఈ కోవలోదే.

రకాలు: చెక్క బట్‌తో ఉండే పాత తరహా స్ప్రింగ్ రైఫిల్‌లో ప్రతి గురికీ గొట్టాన్ని వంచి స్ప్రింగ్ బిగించాలి. గాలి సిలిండర్ రకంలో అదురు తక్కువ. పోటీలకు అదే అనువు.

చట్టం: భారత ఆయుధ చట్టం కింది 2016 నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్ల శక్తి మించని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు.

ఎంపిక: బరువు, భుజానికి ఒదిగే పొడవు, ట్రిగ్గర్ మెత్తదనం చూడాలి. పోటీ రైఫిల్ బరువు 5.5 కిలోలు మించకూడదు.

పోటీలు: లక్ష్యం 10 మీటర్ల దూరంలో ఉంటుంది. హైదరాబాద్‌కు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఈ విభాగంలోనే కాంస్యం గెలిచాడు.