తానికాయ నుంచి లూడో దాకా: మన వసారా ఆటల చరిత్ర



పోయిన వానాకాలం మన మిత్రులం 20 మందిమి ఒక ఊళ్ళో రెండు రోజుల కలయిక పెట్టుకున్నాం. మొదటి రోజు మధ్యాహ్నమే వాన పట్టుకుంది. వాలీబాల్ లేదు, కరెంటు లేదు, సిగ్నల్ అసలే లేదు. పిల్లా పెద్దా అందరం ఒక పెంకుటింటి వసారాలో ఇరుక్కున్నాం. కాసేపు ఫోన్లలో లూడో ఆడాం. చార్జింగ్ అయిపోయాక ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం. అప్పుడు ఆ ఇంటి అవ్వ పొయ్యిలోంచి బొగ్గుముక్క తెచ్చి నేల మీద గీతలు గీసింది. గుప్పెడు చింతపిక్కలు పోసి "రాండి, ఆడుదాం" అంది. రాత్రి పది దాకా ఎవ్వరం లేవలేదు. రెండో తరగతి చదివే పిల్ల మన డిగ్రీ వాళ్ళను ముగ్గుర్ని వరసగా ఓడించింది.

ఈ ఆటలు ఎక్కడివి, ఎప్పటివి అన్న మాట ఆ రాత్రే వచ్చింది. ఆ తర్వాత చదివినవి, పెద్దల్ని అడిగి తెలుసుకున్నవి కలిపి ఈ పోస్టు రాస్తున్నాం. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

మొదటి పాచిక మన అడవి కాయే

సింధు నాగరికత తవ్వకాల్లో, హరప్పా, మొహెంజొదారోల్లో, ఘనాకారపు పాచికలు దొరికాయి. అంటే 4 వేల ఏళ్ళ కిందటే ఈ నేల మీద జనం కూర్చుని పాచికలు వేశారు. ఆ తర్వాతి కాలంలో వచ్చిన ఋగ్వేదం పదో మండలంలో ఒక జూదరి గోడు ఉంది. ఆస్తి పోయి, భార్య దూరమై, అత్త ఈసడించుకుంటుంటే ఆట మానలేక ఏడ్చే మనిషి కథ అది. అందులో పాచికలు ఏనుగు దంతంవి కావు, రాతివి కావు. విభీతక కాయలు. విభీతకం అంటే మనం ఎండాకాలం ముందు అడవిలో ఏరుకొచ్చే తానికాయే. త్రిఫల చూర్ణంలో ఉసిరి, కరక్కాయలతో పాటు కలిపేది దీన్నే.

తానికాయకు లూడో పాచికలాగా చుక్కలుండవు. మరి ఎట్లా ఆడారు? పండితులు చెప్పేదాన్ని బట్టి అది లెక్కపెట్టే ఆట. కుప్పలోంచి గుప్పెడు కాయలు తీసి నాలుగేసి చొప్పున లెక్కపెడతారు. ఏమీ మిగలకపోతే కృత, అన్నిటికన్నా మంచి పందెం. మూడు మిగిలితే త్రేత, రెండు మిగిలితే ద్వాపర, ఒకటే మిగిలితే కలి, అది ఓటమి. మనం బళ్ళో చదువుకున్న నాలుగు యుగాల పేర్లూ ఇవే కదా! మహాభారతంలో నలుడి కథ చూసినా ఇదే చెట్టు కనబడుతుంది. ఋతుపర్ణుడు తానిచెట్టు కాయలూ ఆకులూ చూపుతోనే లెక్కగట్టి, ఆ విద్యను నలుడికి నేర్పుతాడు. నలుణ్ణి వదిలిన కలి పోయి ఆ చెట్టులోనే దూరుతాడు.

రాజుల సభల్లో ఆడిన ఆటకు కాయ అడవి నుంచే పోయింది. ఆ కాయలు ఏరిన చేతులెవరివో ఏ గ్రంథమూ రాయలేదు. ఆట మనవాళ్ళే కనిపెట్టారని మేం అనడం లేదు, దానికి ఆధారం లేదు. కానీ ఆ ఆట చరిత్రలో అడవికి చోటుంది. అంతవరకు గట్టిగానే చెప్పొచ్చు.

గవ్వ చేసిన ప్రయాణం

తానికాయ తర్వాత ఆటలోకి గవ్వ వచ్చింది. గవ్వలు ఎక్కువగా మాల్దీవుల సముద్రంలోవి. ఓడల్లో బెంగాల్, ఒడిశా తీరాలకు వచ్చి అక్కడ వందల ఏళ్ళు చిల్లర డబ్బుగా చెల్లాయి. ఉప్పుకూ గవ్వలే, శిస్తుకూ గవ్వలే. ఈస్టిండియా కంపెనీ వచ్చి శిస్తు వెండి రూపాయల్లోనే కట్టమంది. చేతిలో గవ్వలున్న రైతు ఒక్కసారిగా బీదవాడయ్యాడు. 1817లో ఖుర్దాలో లేచిన పైకా తిరుగుబాటుకు ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. ఆ తిరుగుబాటులో ఘుముసరు కొండల నుంచి దిగిన కొందులు కూడా ఉన్నారు.

డబ్బుగా చచ్చిపోయిన గవ్వ ఆటలో బతికింది. బంజారా అక్కల కుట్టుపనిలో, సంచుల అంచుల్లో బతికింది. అష్టా చెమ్మాలో నాలుగు గవ్వలు వేస్తాం. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. గవ్వలు కొనలేని ఇళ్ళల్లో చింతపిక్కల్ని ఒక వైపు బండ మీద అరగదీసి తెల్లగా చేసుకుంటారు. అవ్వ మాకిచ్చినవి అవే. ఒక వైపు నలుపు, ఒక వైపు తెలుపు. ఖర్చు సున్నా.

మన ఫోన్లో లూడో ఎవరిది?

ఇదే గవ్వల ఆట పెద్ద పటం మీద ఆడితే పచ్చీసు. ఒక్క వేటులో 25 పడడం పెద్ద గెలుపు కాబట్టి ఆ పేరు. ఫతేపూర్ సిక్రీలో అక్బరు కోట ఆవరణలో రాతి నేల మీదే ఈ పటం ఉంది. మనుషుల్నే పావులుగా నిలబెట్టి ఆడేవాడని చెప్తారు. అక్కణ్ణుంచి ఆట సముద్రాలు దాటింది. అమెరికాలో 1874లో పార్చీసీ అనే పేరు ట్రేడ్‌మార్క్ అయింది. ఇంగ్లండులో 1896లో దాన్నే సులువు చేసి లూడో పేరుతో పేటెంటు తీసుకున్నారు. మన వైకుంఠపాళి కూడా ఇట్లాగే 19వ శతాబ్దం చివర్లో పాములూ నిచ్చెనలుగా మారింది. మనం నేల మీద గీసుకున్న ఆట అక్కడ అట్టపెట్టెలో సరుకై, మళ్ళీ మన దగ్గరికే ప్రకటనలతో వచ్చింది.

మేం చదివిన ఒక హాస్టల్లో ఆటల బీరువా ఉండేది. అందులో లూడో, క్యారమ్స్, చెస్. నేల మీద సుద్దముక్కతో అష్టా చెమ్మా గీస్తే మాత్రం "ఫ్లోర్ పాడుచేస్తున్నార్రా" అని తిట్లు పడేవి. పెట్టెలో వస్తే ఆట, మనం గీస్తే అల్లరి. అప్పుడు మాకు సిగ్గేసింది. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తోంది.

పులీ మేకా, గుంటలూ గింజలూ

ఆ రాత్రి అందరూ ఎగబడింది పులి–మేక ఆటకే. త్రికోణం లాంటి పటం, గీతలు కలిసే చోట్లు 23. పులులు 3, మేకలు 15. మేకల్ని ఒక్కొక్కటిగా పెడుతూ పోవాలి. అన్నీ పెట్టేదాకా ఏ మేకా కదలకూడదు. పులి మాత్రం పక్కనున్న మేక వెనకాల ఖాళీ ఉంటే దాని మీదుగా దూకి తినేస్తుంది. పులి కదలడానికి చోటు లేకుండా చేస్తే మేకలది గెలుపు. తమిళంలో ఇదే ఆడు పులి ఆట్టం, నేపాల్లో దీని చుట్టం బాగ్ చాల్. హంపి గుళ్ళల్లో, మంటపాల్లో రాతి నేల మీద చెక్కిన ఆట పటాలు ఇప్పటికీ కనబడతాయి.

ఈ ఆటలో రెండు పక్షాల బలం సమానం కాదు. మేకకు పంజా లేదు. దానికున్న ఒకే ఒక్క ఉపాయం పక్క మేక వెనకాల ఖాళీ లేకుండా చూడడం. మా వాళ్ళు మొదటి రెండు ఆటలు పులికి ఓడిపోయారు, ఎవరి మేకను వాళ్ళు కాపాడుకోబోయి. మూడో ఆటలో అవ్వ ఒక్క మాటే చెప్పింది: "నీ మేకను కాదు, నీ పక్క మేకను చూడు." గెలిచాం.

వామనగుంటలది ఇంకో రుచి. రెండు వరసల్లో ఏడేసి గుంటలు, మొత్తం 14. ఒక గుంటలో గింజలు తీసి ముందుకు ఒక్కొక్కటి పంచుతూ పోవాలి. చేతిలోవి అయిపోతే తర్వాతి గుంట తీసి మళ్ళీ పంచాలి. తర్వాతి గుంట ఖాళీ అయితే దాని అవతలి గుంటలోవి నీవి, ఆట ఎదుటివాళ్ళకు. ఆఫ్రికాలో మంకాలా అనే ఆటల కుటుంబం కూడా ఇదే పద్ధతి. ఎత్తే ముందే ఎక్కడ ఆగుతామో మనసులో లెక్క వేసుకోవాలి. మా డిగ్రీ వాళ్ళు ఓడింది ఇక్కడే.

మాటలతో ఆట

పటం, పావులు ఏమీ అక్కర్లేని ఆట పొడుపు కథ. 1943లో వెరియర్ ఎల్విన్, డబ్ల్యూ.జి. ఆర్చర్ కలిసి 'మ్యాన్ ఇన్ ఇండియా' పత్రికలో భారతీయ పొడుపు కథల సంకలనం తెచ్చారు, అందులో ఆదివాసీలవి చాలా ఉన్నాయి. 1947లో ఎల్విన్ బస్తర్ మురియాల ఘోటుల్ మీద పెద్ద పుస్తకం రాశారు. ఘోటుల్ అనగానే బయటివాళ్ళకు ఇంకేవేవో గుర్తొస్తాయి. కానీ అది పిల్లలు, యువకులు సాయంత్రం చేరి పాట, ఆట, కథ, పని, క్రమశిక్షణ నేర్చుకున్న చోటు. అదొక బడి. అదే కాలంలో ఆదిలాబాద్ మార్లవాయిలో హైమెండార్ఫ్ చొరవతో 1943లో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలై, గోండీలో వాచకాలు వచ్చాయి. మన భాషలో నేర్చుకుంటే పిల్లలు ఎంత తొందరగా అందుకుంటారో పొడుపు కథ విప్పే పిల్లను చూస్తే చాలు.

డబ్బు దూరిన చోట

ఒక చేదు మాట కూడా చెప్పుకోవాలి. ఆట ఉన్నంత కాలంగా జూదమూ ఉంది. అర్థశాస్త్రంలో జూదానికి ఒక అధికారి, గెలుపులో నూటికి 5 వంతులు రాజ్యానికి అని రాసుంది. ఋగ్వేదంలో జూదరి ఏడుపు ఇప్పుడు మన ఊళ్ళల్లో వినబడుతోంది. పండగ నాడు పత్తాల్లో కూలి డబ్బులు పోగొట్టుకునే అన్నలున్నారు, ఫోన్లో రమ్మీ ఆడి అప్పులపాలైన తమ్ముళ్ళున్నారు. ఆడొద్దని తిడితే ఎవరూ వినరు. కూర్చోడానికి ఇంకో ఆట చూపించాలి. పిల్లలు, ఆడవాళ్ళు పక్కన కూర్చుని ఆడే ఆటలో డబ్బు అంత తేలిగ్గా దూరలేదు.

బండ మీద గీతలు

చివరగా, ఈ పోస్టు రాయడానికి అసలు కారణం. మర్నాడు వాన తగ్గాక ఊరి బయట బండ చూపించారు. దాని మీద మూడు వరసల గుంటలు, పక్కన ఒక అడ్డగీత ఉన్నాయి. పశువులు కాసేవాళ్ళు ఆడేవారట. ఎట్లా ఆడేవారు అని అడిగితే ఎవరికీ తెలియలేదు. తెలిసిన తాత మూడేళ్ళ కింద పోయాడు. మా అవ్వకు కూడా సగమే గుర్తుంది, మూడో వరస ఎందుకో ఆమెకూ తెలియదు. గీతలున్నాయి, ఆట లేదు.

హంపిలో బండను పురావస్తు శాఖ కాపాడుతుంది. మన ఊరి బండను ఎవరు కాపాడతారు? రాయి ఎక్కడికీ పోదు, పోయేది ఆట నియమం. అది మనిషి నోట్లో ఉంటుంది.

అందుకే ఒక్క పని అడుగుతున్నాం. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి ఊళ్ళకు పోతారు కదా. మీ అవ్వను, తాతను నాలుగు మాటలు అడగండి: ఆట పేరు మన భాషలో ఏంటి, పటం ఎట్లా గీయాలి, పావులు దేనితో చేస్తారు, ఎప్పుడు ఎవరు ఆడేవారు. పటాన్ని కాగితం మీద గీయండి. వాళ్ళు చెప్తుంటే రికార్డు చేయండి. అన్నిటికన్నా ముందు, ఒక ఆట వాళ్ళతో కూర్చుని ఆడండి. నియమాలు చెప్పమంటే మర్చిపోయే అవ్వకు, గింజలు చేతిలో పడగానే అన్నీ గుర్తొస్తాయి. మేం కళ్ళారా చూశాం.

వచ్చే కలయికకు ఫోన్ చార్జర్లు మర్చిపోయినా పర్లేదు. చింతపిక్కలు తెచ్చుకోండి.

జోహార్.